పాపాయమ్మగారి ఇన్విజిలేషన్

పరీక్ష జరుగుతుండగా ఇన్విజిలేటర్ హాలు వదిలి వెళ్ళిపోవడం పాపాయమ్మగారికి బొత్తిగా నచ్చలేదు.

హాలంటే హాలు కాదు, ధవళేశ్వరంలో ఆవిడ సొంత ఇంటి వరండాయే. పరీక్షకి కూర్చున్నది ఆవిడ మనవరాలు, నాలుగేళ్ళ దుర్గాశ్రీ. పరీక్ష పెట్టింది అబ్రహాము మాస్టారి అమ్మాయి వినీల. ఒకప్పుడు పాపాయమ్మగారి దగ్గరే చదువుకున్న పిల్ల, ఇప్పుడు విశాఖపట్నంలో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఏ వస్తువు ఎటు తిప్పితే ఎలా కనిపిస్తుందో, ఏది ఎక్కడ ఇముడుతుందో చిన్నప్పుడే పట్టుబడితే పెద్దయ్యాక సైన్సు బాగా ఒంటబడుతుందట. అదీ ఆ పిల్ల రీసెర్చి.

వచ్చిన దగ్గర్నుంచీ వినీల వరస అదోలా ఉంది. పాప పేరూ వయసూ రాసుకుని ఊరుకుంది. పాపాయమ్మగారినేమో వయసెంత, ఏం చదివారు, రోజూ పాపతో ఎంతసేపు గడుపుతారు అంటూ పెళ్ళివారిలా ఆరా తీసింది. ఫారాల్లో పనికిరాని గడులు సవాలక్ష ఉంటాయిలే అని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. తర్వాత రంగురంగుల చెక్కముక్కలు చాప మీద పోసి, తెరచాప పడవ బొమ్మ ఒకటి పాప ముందు పెట్టింది. టేప్‌రికార్డర్ మీట నొక్కి, పాపకి అందకూడదని కాబోలు, ఆవిడ కుర్చీ పక్కనున్న స్టూలు మీద ఉంచింది.

“ఈ ముక్కలతో బొమ్మలో ఉన్న పడవ చెయ్యాలండి. మీరు రోజూ ఎలా కూర్చుంటారో అలాగే పాప పక్కన కూర్చోండి మేడమ్‌గారూ. నేనుంటే బెదురుతుంది. అరగంట పక్కింట్లో ఉంటాను.”

అంటూనే గేటు దాటింది.

కాపీల విషయంలో పాపాయమ్మగారి పేరు చెబితే జిల్లా అంతా హడలిపోయేది. హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో ఆవిడ స్క్వాడ్‌లో వస్తున్నారంటే, స్లిప్పులు తెచ్చుకున్నవాళ్ళు వాటిని నమిలి మింగేసేవారు. పదో తరగతి పరీక్షల్లో సొంత మేనల్లుడినే డిబార్ చేయించారు. తమ్ముడు జగన్నాథరావు ఆనాటి నుంచి ఈ గడప తొక్కలేదు. ఈవిడా రమ్మని బతిమాలలేదు.

అంతటి మనిషి కళ్ళెదుట దుర్గాశ్రీ ఎర్ర తెరచాపని తలకిందులుగా పెట్టింది. తీసి మళ్ళీ అలాగే పెట్టింది. ఇంకోసారి తీసింది, ఇంకోసారీ అంతే. కింది పెదవి ముందుకొచ్చింది.

“నువ్వు చెప్పవా మామ్మా?”

పాపాయమ్మగారు గేటు వైపు చూశారు. వీధిలో పిట్ట కూడా లేదు.

“తిరగెయ్యవే,” అన్నారు గొంతు తగ్గించి. “అలాక్కాదు, కొస పైకి రావాలి. ఆఁ. ఇప్పుడా పచ్చముక్క దాని కిందకి జరుపు. నిలువుగా కాదమ్మా, అడ్డంగా. పక్కన ఖాళీ ఉంది చూడు, అందులో ఏది పడుతుంది చెప్పు?”

ఒకసారి మొదలయ్యాక ఇంక ఆ నోటికి ఆనకట్ట లేదు. వంపు ఎటుందో, మూల ఎక్కడ కలవాలో, ఏ ముక్క లోపలికో ఏది బయటికో చెబుతూనే ఉన్నారు. పడవ తయారైంది. దుర్గాశ్రీ చప్పట్లు కొట్టింది. ఆవిడ కూడా కొట్టబోయారు.

అప్పుడు కనబడింది స్టూలు మీద ఎర్ర దీపం.

అందించినదంతా పొల్లుపోకుండా అందులో ఉంది. రేపు దాన్ని విశాఖపట్నంలో ప్రొఫెసర్లు వింటారు. సంగతి ఆనోటా ఈనోటా మండపేటలో తమ్ముడి చెవిన పడుతుంది. నా కొడుకుని డిబార్ చేయించి, నీ మనవరాలికి జవాబులందిస్తావా అక్కా అంటాడు. ఏమని చెప్పాలి వాడికి? పాపాయమ్మగారికి నిజంగానే ఏడుపొచ్చింది.

కానీ స్కూల్లో రేడియో పాఠాలు రికార్డు చేసిన చెయ్యి అది. కళ్ళు తుడుచుకుని టేపు మొదటికి తిప్పారు. పడవ విప్పేశారు.

“బుజ్జీ, ఇప్పుడింకో ఆట. మళ్ళీ పడవ చెయ్యి. ఇద్దరం నోరు విప్పకూడదు. విప్పినవాళ్ళకి జీళ్ళు లేవు.”

దుర్గాశ్రీ ఒక చేత్తో నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో ముక్కలు అందుకుంది. పాత మాటల మీదే కొత్తగా రికార్డయ్యేలా ఆవిడ రెండు మీటలూ కలిపి నొక్కారు.

తెరచాప మళ్ళీ తలకిందులైంది. పాపాయమ్మగారి నాలుక దురద పెట్టింది. పళ్ళు బిగించి, చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని కూర్చున్నారు. టేపు చివరిదాకా తిరిగి టక్కుమని ఆగాకే ఊపిరి వదిలారు. పడవ మునిగితే మునిగింది, పరువైతే దక్కింది అనుకున్నారు.

వినీల వచ్చింది. పడవ వైపు కన్నెత్తి చూడలేదు. టేపు వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింది. చెక్కముక్కల చప్పుడు, వీధిలో ఐసుబండి గంట. కొంచెం ముందుకి తిప్పి వింది. మళ్ళీ చెక్కముక్కలే. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

“ఏంటండి ఇది, మీరసలు మాట్లాడనే లేదా?”

“ఒక్క అక్షరం మాట్లాడితే ఒట్టు,” అన్నారు పాపాయమ్మగారు నిటారుగా కూర్చుని. “నా సంగతి నీకు తెలీనిదేముందమ్మా? పరీక్షంటే పరీక్షే. కావాలంటే దాన్నడుగు.”

దుర్గాశ్రీ నోటి మీద వేలు తియ్యలేదు.

వినీల కాగితం మీద ఏదో రాసుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

“ముందే చెబితే మామూలుగా మాట్లాడరని దాచానండి, పరీక్ష పాపకి కాదు, పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు పైన, కింద, అడ్డం, నిలువు అంటూ పిల్లలకి ఎన్ని మాటలు అందిస్తారో లెక్కపెట్టడమే నా రీసెర్చి, మీకు సున్నా వచ్చింది మేడమ్‌గారూ.”