ఈల వేస్తే నవ్వాలి

"ఇదొక్కటి చాలమ్మా, అందరూ పడీపడీ నవ్వుతారు," అంటూ పదమూడేళ్ల లాస్య లాప్‌టాప్‌ని తల్లివైపు తిప్పింది.

"కాలు ఊపకుండా చెప్పు. ఏముంది ఇందులో?" అంది శేషుకుమారి.

"సోవియట్ కాలం నాటి కామెడీ. పిల్లల సెలవుల శిబిరం. అక్కడి పెద్దాయనకి అన్నిటికీ రూలే. పైఅధికారి వస్తున్నాడని పిల్లలకి నవ్వడం నేర్పుతాడు. ఈల వేస్తే నవ్వాలి, మళ్ళీ వేస్తే ఆపాలి."

శేషుకుమారికి ప్రాణం లేచొచ్చింది. అచ్చం రామ్మోహనే! మస్కట్‌లో తమ తెలుగు సంఘానికి అధ్యక్షుడయ్యాక ఆ మనిషి నేలమీద నడవడం మానేశాడు. ఉగాది నాడు రెండొందలమంది చూస్తుండగా, "టైమైపోయింది, దిగండి" అని ఆమె చేతిలో మైకు లాక్కున్నాడు. ఏడేళ్లుగా ప్రతి శుక్రవారం సంఘం పిల్లలకి తెలుగు నేర్పుతున్న మనిషికా ఆ మర్యాద? ఎనిమిది నెలలుగా ఆమెకి అన్నం సయించడం లేదు. అదే జనం ముందు అతని పరువు పోవాలి, అంతే. బాలల దినోత్సవానికి సినిమా వేసే పని ఏరికోరి తన నెత్తిన వేసుకుంది కూడా అందుకే.

"సగం అయ్యాక సినిమా ఆపు. ఈయన్ని చూస్తే ఎవరు గుర్తొస్తున్నారని పిల్లల్ని అడుగు. పేరు మాత్రం నువ్వు చెప్పకు."

"చెప్పక్కర్లేదమ్మా. అందరికీ తెలుసు," అంది లాస్య.

శుక్రవారం మస్కట్ అజైబా ప్రాంతంలోని హాలు నిండిపోయింది. శేషుకుమారి రామ్మోహన్‌ని మర్యాదగా తీసుకొచ్చి మొదటి వరుసలో నడిమి కుర్చీలో కూర్చోబెట్టింది, ఎటూ తప్పించుకోకుండా. తర్వాత ముప్పైమంది పిల్లల్నీ ఎత్తుల వారీగా నేలమీద సర్దింది.

"సినిమా మొదలయ్యాకే నవ్వాలి. ముందే నవ్వినవాళ్ళు బయట నిలబడాలి," అని చెప్పి, వెళ్ళి వెనక గోడ దగ్గర నిలబడింది.

తెరమీద పెద్దాయన ఈల వేశాడు. హాలు గొల్లుమంది. రామ్మోహన్ కూడా పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వు నాయనా నవ్వు, ఇంకో నిమిషంలో మొహం ఎక్కడ పెట్టుకుంటావో నేనూ చూస్తాను, అనుకుంది శేషుకుమారి.

లాస్య సినిమా ఆపి లేచింది.

"ఈయన్ని చూస్తే మీకెవరు గుర్తొస్తున్నారు? వేలితో చూపించండి."

ముప్పై వేళ్ళూ, వాటితోపాటు లాస్య వేలూ శేషుకుమారి వైపు తిరిగాయి.