జత కవచాలు

"నేను వేసుకోను." చిట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ బ్రేసు మంచం కింద పట్టీలు ఊడి పడుంది.

"వెన్ను ఇంకాస్త పక్కకి వంగితే ఆపరేషనే అన్నాడమ్మా డాక్టరు. స్నానానికి తప్ప తియ్యకూడదన్నాడు." తల్లి బతిమాలింది.

"ఒక్కరోజు బడికి వేసుకెళ్తేనే తాబేలు, తాబేలు అని వెంటపడ్డారు. నువ్వు వేసుకుని నలుగురిలో తిరుగు, తెలుస్తుంది."

ఆ మాట తల్లితో అన్నదే గానీ తండ్రికి తగిలింది. ఆయన స్కూటర్లకి సీట్లు కుట్టే మనిషి. నచ్చజెప్పడం చేతకాదు. గోడ నిండా చిట్టి వేసి అంటించిన బొమ్మలున్నాయి. ఏవో గ్రహాల మీద నడిచే యోధులు, పాదాల నుంచి మెడ దాకా వెండి కవచాలు. అందులో ఒకటి మెల్లగా ఊడదీశాడు.

"ఇది నాకు సరిపోతుందంటావా?"

"ఏది?"

"ఈ కవచం. నేను చేసుకుంటాను. నువ్వు నీది వేసుకుని బడికి వెళ్ళు, నేను నాది వేసుకుని షాపుకి వెళ్తాను. సాయంత్రం దాకా నువ్వూ తియ్యకూడదు, నేనూ తియ్యను. పందెం."

చిట్టి ఇటు తిరిగింది. "అందరూ నవ్వుతారు నాన్నా."

"నవ్వనీ. వాళ్ళ పళ్ళు, వాళ్ళ ఇష్టం."

ఆదివారం పొద్దున్నే తండ్రీ కూతురూ షాపులో కూర్చున్నారు. సీట్లలో వేసే మెత్తటి ఫోమ్ నిలబడలేదు. గట్టి షీటు తెచ్చి, వేడిగాలి గన్నుతో వంచబోతే గుండె మీది ముక్క కమిలి ముడుచుకుపోయింది. మళ్ళీ కోశాడు. ఈసారి బిగుతై చేతులు కిందికి దిగలేదు. గాల్లోకి లేచిన చేతులతోనే అద్దం ముందుకి వెళ్ళి చూసుకున్నాడు.

"భుజాలు అంత చిన్నవైతే ఎలా నాన్నా? యోధుడిలా లేవు. పార్సిళ్ళు మోసేవాడిలా ఉన్నావు."

"అయితే విప్పు. మళ్ళీ చేద్దాం."

మోకాళ్ళు వంగకపోతే కోసి రెండు ముక్కలు చేసి, మధ్యలో ఎలాస్టిక్ కుట్టాడు. పాత హెల్మెట్‌కి చిట్టి కళ్ళజోడులాంటి గీత గీసి, వెండి రంగు పూసింది. జిగురు వాసనకి ఇద్దరికీ తల తిరిగినా పని వదల్లేదు. మధ్యాహ్నం పిలవడానికి వచ్చిన తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నిజంగానే దీంతో వీధిలోకి వెళ్తారా? చూసినవాళ్ళు ఏమనుకుంటారండీ?"

"చూడాలనే కదా ఈ తిప్పలన్నీ," అన్నాడాయన, మోచేతి ముక్కని నోటితో పట్టుకునే.

సోమవారం పొద్దున ఆయన కవచమంతా తొడుక్కుని, చివర హెల్మెట్ పెట్టుకుని హాల్లో నిలబడ్డాడు. చిట్టి మంచం కింద నుంచి బ్రేసు తీసి, పట్టీలు బిగించుకుని, పైన యూనిఫాం వేసుకుంది.

వీధిలో కుక్కలు మొరిగాయి. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కూరలమ్మేవాడు తూకం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు. హెల్మెట్‌లోంచి ఆయనకి తన కాళ్ళు కనిపించడం లేదు. చిట్టే చెయ్యి పట్టుకుని నడిపించింది. "మెట్టుంది నాన్నా. ఇక్కడ గుంట. కాస్త నిటారుగా నడువు, నాలాగా."

బడి గేటు దగ్గర పిల్లలు మూగారు. "ఎవరే ఈయన?" అన్నారెవరో. "మా నాన్న," అని చిట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరువాత వాళ్ళేమన్నారో ఆయనకి వినపడలేదు.

షాపులో మొదట వచ్చినాయన బల్ల దగ్గరే ఆగిపోయాడు. "ఓనరు లేడా?"

"నేనే. చెప్పండి."

"ఆ తలకాయ తీసి మాట్లాడొచ్చుగా."

"సాయంత్రం తీస్తాను. సీటు పాత రంగేనా, మారుద్దామా?"

ఎండ ముదిరేకొద్దీ కవచం లోపల కుంపటిలా అయింది. చెమట కళ్ళలోకి కారుతోంది. వీపు మీద చెయ్యి అందనిచోట దురద. అన్నం తినడం కుదరక మజ్జిగ స్ట్రాతో తాగాడు. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. ఒక్క నిమిషం విప్పితే చూసేదెవరు? చెయ్యి మెడ దగ్గరి బకిల్ దాకా వెళ్ళింది. ఇదే వేడికి, ఇదే దురదకి, అక్కడ బెంచీ మీద చిట్టి కూడా కదలకుండా కూర్చుని ఉంటుంది. పైగా అది రోజూ కూర్చోవాలి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి, కూర్చుంటే లేవలేనని గుమ్మంలోనే నిలబడ్డాడు. చిట్టి పరుగెత్తుకుంటూ వచ్చింది. పొద్దున లేని వెలుగు ముఖంలో ఉంది.

"తియ్యలేదు కదా నాన్నా?"

"పట్టీ కూడా వదులు చెయ్యలేదు. ఇంక తియ్యనా?" ఆయన హెల్మెట్ తీస్తే జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుని ఉంది. తల్లి నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి చిట్టిని దగ్గరికి తీసుకుంది. వీపు మీద చెయ్యి వేయగానే ఆమె నవ్వు ఆగిపోయింది.

"బ్రేసు ఏదే?"

"నాన్నని చూశాక నాది కూడా కవచమేనని అందరూ తమకీ కావాలన్నారమ్మా," అంది చిట్టి, "వంతులేసుకున్నాం, ఇవాళ మా క్లాసు లీడరు వేసుకుని ఇంటికెళ్ళింది."