మెట్టు కింద పుట్టిల్లు

పలుకుపెట్టె ఇంటింటికీ వచ్చి, పురుగుల మాటలు కూడా తెలుగులో వినిపించడం మొదలయ్యాక పురుగుల మందు షాపులన్నీ మూతబడ్డాయి. చావబోయేది పేరు పెట్టి శాపనార్థాలు పెడుతుంటే మందు కొట్టడానికి ఎవరికి చేతులొస్తాయి?

అందుకే తన స్విమ్మింగ్ పూల్ చుట్టూ చేరిన సాలెపురుగులతో దివాకరం తంటాలు పడుతున్నాడు. వాటిని చూస్తేనే అతనికి ఒళ్లు జలదరిస్తుంది. ముచ్చటపడి కట్టించుకున్న పూల్‌లో ఇంతవరకు కాలు పెట్టలేదు.

గట్టుకు పుదీనా నూనె రాశాడు. పచ్చడి వాసన కమ్మగా ఉందన్నాయి. రాత్రుళ్లు లైట్లు ఆర్పేశాడు. దోమలు రాక, తిండి దొరక్క అన్నీ పక్కింటికి మకాం మార్చాయి, ఒక్కటి తప్ప. దివాకరం చీపురు పట్టుకొచ్చాడు.

"నెలలు నిండాయన్నయ్యా, కదల్లేను" అందది పూల్ నిచ్చెన కింద నుంచి.

"మీ ఆయన దగ్గరికి పో."

"ఆయన్ని తినేశాను."

దివాకరం రెండడుగులు వెనక్కి వేశాడు. "తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అక్కడికన్నా పో."

"నేను పుట్టింది ఈ మెట్టు కిందే కదా."

పక్కనే బట్టలారేస్తున్న భార్య హైమ ఆ మాట విని వచ్చి చీపురు లాక్కుంది. "పురిటికొచ్చిన పిల్లను గెంటేస్తారా? ఆడపడుచు ఉసురు పోసుకుంటామా?" అంటూ లైట్లన్నీ వేసింది. "దోమలొస్తాయి, కడుపునిండా తినమ్మా."

నెల తిరిగాక దివాకరం గుండె దిటవు చేసుకుని, కళ్లు మూసుకుని మొదటిసారి నీళ్లలో దిగాడు. నిచ్చెన పొడవునా వందల చిన్న గొంతులు ఒక్కసారే లేచాయి.

"మావయ్యా, మమ్మల్ని ఎత్తుకోవూ."