కొత్త గడియ

ఆదివారం పొద్దున మా ఆయన వీధి తలుపుకి కొత్త గడియ బిగించారు. ముప్పై ఏళ్లు వడ్రంగం చేసిన చెయ్యి. ఉలి పట్టగానే ఈమధ్య వస్తున్న వణుకు ఎటు పోయిందో!

“మొన్న అమ్మ చెప్పులైనా లేకుండా బస్టాండు దాకా నడిచి వెళ్లిపోయింది. మళ్లీ వెళ్తే?” అన్నారు.

“అందుకేగా బిగించమన్నాను,” అన్నాను.

ఆయన చెక్కిన గాడి అలాంటిది. గడియని కాస్త పైకెత్తి లాగితే తప్ప రాదు. నా చేత మూడుసార్లు తీయించి చూశారు. “ఈ కిటుకు అమ్మ దగ్గర మాత్రం నోరు జారకు.”

“జారను.”

చెక్కపొట్టు ఊడుస్తూ గోడ మీది అత్తగారి ఫొటో వైపు చూడలేకపోయాను. ఆవిడ పోయి ఆరేళ్లయింది. మొన్న బస్టాండులో చెప్పుల్లేకుండా దొరికింది ఈయనే.

మర్నాడు ఉదయం తలుపు దగ్గర ఒకటే చప్పుడు. వెళ్లి చూస్తే ఉతికిన చొక్కా వేసుకుని గడియతో కుస్తీ పడుతున్నారు. ఒళ్లంతా చెమట.

“పనికి ఆలస్యమవుతోందే. ఇది రావడం లేదు.”

నేను కదల్లేదు. ఆయన ఆగి, గాడి అంచుని వేలితో నిమిరారు.

“ఎవడు బిగించాడో గానీ, పనిమంతుడే!”