దుమ్ములో పడిన గోలు

"మీ ఇద్దర్లో ఆఖరి గోలు ఎవరు కొట్టినారు?" అని కుళ్ళాయప్ప సార్ అడిగారు. "దుమ్ములో నాకు కనపళ్ళేదు. బెంగళూరు క్లబ్బుకు ఒక్క స్ట్రైకరే కావాల. కొట్టినోళ్ళ పేరే పంపిస్తా."

నేనూ రూతూ ఒకేసారి కాలు విసిరాం. బంతి తగిలింది రూతు కాలికే. కళ్ళల్లో మన్ను పడి, ఆ సంగతి తనకు తెలియలేదు. నాకు తెలుసు.

నేను తలదించుకున్నాను.

"ఏం రెబెకా, నోరు లేదా?"

"దానికి నోరు యాడిది సార్?" అని రూతు నవ్వింది. "బళ్ళో హాజరు పలకాలన్నా నేనే కావాల. గోలు దానిదే. నాదైతే ఈపాటికి చెప్పేసుండేది. తనది కాబట్టే సిగ్గుపడి గమ్మునుండాది."

సార్ కాగితం మీద నా పేరు రాసుకుని బండి వైపు నడిచారు. రూతు నా భుజం మీద చెయ్యేసింది. చిరిగిన షూలోంచి తన బొటనవేలు వాచి కనిపిస్తోంది.

"సార్," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు.

"సార్, రవ్వంత నిలబడండి!" అని రూతు గట్టిగా అరిచింది. "మా రెబెకా ఏమో చెప్పల్లంట!"