ఆకుపచ్చ మూతలు

"చక్కెర పీపాలో కలిపావా, సీసాల్లో వేశావా?" అని పక్కింటి రెజ్ కంచె మీంచి అడిగాక గానీ నోలాకి వెలగలేదు. రెండూ చేసింది.

"ఖర్మ! అవింక స్టౌట్ బీరు సీసాలు కావమ్మా, గ్యాసెక్కి పేలే బాంబులు. షెడ్డులోకి పోకు, మొహం పచ్చడైపోతుంది."

పోకుండా ఎలా ఉంటుంది? మొగుడు క్లెమ్ దాచిన ఈస్టుతో, అతను పోయాక కాచిన మొదటి స్టౌట్ అది. చీకటి పడ్డాక అతని పాత హెల్మెట్ తగిలించుకుని తలుపు తీసింది.

లోపల బుస్సుమని గ్యాస్ వదులుతున్న చప్పుడు. తర్వాత మూత బిగిస్తున్న చప్పుడు. ఆపైన గోటితో టక్ టక్. మూత బిగిసిందో లేదో క్లెమ్ అలాగే చూసేవాడు.

లైటు వేసింది. ఎవరూ లేరు. ఆమె బిగించినవి పసుపు మూతలు. ఇప్పుడు సీసాలన్నిటికీ ఆకుపచ్చ మూతలున్నాయి. క్లెమ్‌ని సమాధి చేసిన రోజు అతని కోటు జేబులో తనే పోసి పంపిన మూతలు.

చివరి సీసాకి మాత్రం ఇంకా పసుపు మూతే ఉంది.

నోలా కళ్లు నిండాయి. "నీ పుణ్యమా అని బతికిపోయాను, ముసలోడా. ఆ ఒక్కటీ కానియ్," అని లైటు ఆర్పేసింది.

బుస్సుమంది. మూత బిగిసింది. టక్ టక్.

నోలా తలుపు వైపు తిరిగింది.

మళ్లీ టక్ టక్. ఈసారి ఆమె హెల్మెట్ మీద.