మిగిలిన ఎరుపు

“ఆ కుడిపక్క కోసెయ్యమ్మా. అక్కడేటీ లేదు,” అన్నాడు కాంతయ్య, ఫోటో మీద స్కేలు ఆనించి.

తర్షిణి ఆ స్కేలుకేసి చూసింది. ఊరి ఫోటో క్లబ్బు ప్రదర్శనలో ఇంకొక్క ఫోటోకే చోటుంది. ఎంచే మనిషి కాంతయ్య. మలేషియాలో, తెలుక్ ఇంటాన్ బజారులోని తన స్టూడియోలో కూర్చుని ఆయన ఊఁ అంటే, తర్షిణి తీసిన ఫోటో మొట్టమొదటిసారి గోడకెక్కుతుంది.

బటాంగ్ బెర్జుంటై దగ్గర గుర్రాల ఫారంలో రోడియో జరిగినప్పుడు తీసిన ఫోటో అది. లొంగని గుర్రం మీద పడిపోకుండా ఎంతసేపు కూర్చోగలరో చూసే ఆట. ఆ పొగరుమోతు గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపింది. మీదున్న కుర్రాడు వెనక్కి వాలిపోయాడు. ఎరుపు తప్ప మిగతా రంగులన్నీ తనే తీసేసింది; ఫోటో అంతా బూడిదరంగు. కుర్రాడి మెడలోని రుమాలు ఒక్కటే ఎరుపు. దుమ్ము పొద్దుటి మంచులా కమ్ముకుని నేలేదో ఆకాశమేదో తెలియదు. ఆ గుర్రం ఇక ఎప్పటికీ కిందికి దిగదేమో అనిపిస్తుంది. చూస్తూ కూర్చుంటే తర్షిణికి తన కాళ్ళు కూడా నేలకి ఆననట్టే ఉండేది.

అలాంటి ఫోటో చూడగానే కాంతయ్య అన్న మొదటి మాట బాగుందనీ కాదు, బాగులేదనీ కాదు. “నువ్వక్కడికి ఎప్పుడెల్లినావు?” అన్నాడు. ఫ్యాక్టరీలో ఓటీ అని అమ్మకి అబద్ధం చెప్పి వెళ్ళానని నవ్వుతూ ఒప్పుకుంది తర్షిణి. ఆయన నవ్వలేదు. స్కేలు తీశాడు.

“కోసేస్తే గుర్రం ఎటు దూకుద్ది అంకుల్? పరిగెట్టేదాని ముందు ఫోటోలో జాగా వదలాలని మీరే కదా సెప్పినారు.”

చెప్పాడు. క్లబ్బులో చేరిన ప్రతివాడి చెవిలోనూ ఇల్లు కట్టుకుని మరీ ఆ మాట చెప్పాడు. ఇప్పుడు మాత్రం కళ్ళజోడు సర్దుకుంటూ, సూత్రాలు నేర్చుకునేదాకానేననీ, తర్వాత వాటిని తప్పొచ్చనీ ఏదో గొణిగాడు. ఆ మాట ఆయనకే రుచించినట్టు లేదు.

బయట వాన పెరిగింది. జల్లు లోపలికి కొడుతుంటే కాంతయ్య లేచి, గుమ్మంలో ఆరబెట్టిన గొడుగుని ఇవతలికి లాగాడు. నల్ల గొడుగు, దానికి అర్ధచంద్రంలా తెల్ల మాసిక. ఇంతటి పిసినారి పెరాక్ రాష్ట్రం మొత్తంలో లేడని క్లబ్బు వాళ్ళ వేళాకోళం. కొత్తది కొనమంటే, ఇదైతేనే వాన నన్ను గుర్తుపడుతుంది అంటాడాయన.

తిరిగొచ్చి కూర్చున్నాక మెత్తబడ్డాడు. “సరే, కొయ్యొద్దు. ఆ కుడి చివర్న ఎర్ర సుక్క ఒకటి ఉండిపోయింది సూడు. అది సెరిపేయ్. ఇప్పుడే గోడకెక్కించేద్దుము.”

తర్షిణి నాలిక కరుచుకుంది. జనంలోని ఎరుపునంతా ఆమె కూర్చుని ఒక్కొక్కటే చెరిపింది: టోపీలు, జెండాలు, చేతుల్లోని సిరప్ గ్లాసులు. ఏనుగు దూరి తోక చిక్కినట్టు ఈ చుక్క ఒక్కటి మిగిలింది. సంతోషంగా లాప్‌టాప్ తెరిచి, ఆ మూలని పెద్దది చేసింది.

అది టోపీ కాదు. గ్లాసూ కాదు. బొట్టు.

కంచె పక్కన ఓ ఆడమనిషి నుదుటి మీద, కుంకుమ బొట్టు. మొహం మసకగానే ఉంది. కానీ మెడ ఓ పక్కకి వాల్చి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం ఒక్క మనిషికే అలవాటు. సుంగై సుమున్‌లో పెద్దమ్మని చూసొస్తానని ఆవేళ పొద్దున్నే బస్సెక్కిన అమ్మ.

తర్షిణికి ముందు కోపం వచ్చింది. తను చెప్పిన అబద్ధం గుర్తొచ్చి ఆ కోపం నిలవలేదు. నాన్న పోయాక అమ్మ నుదురు బోసిగానే ఉంది. ఓ పండగనాడు తనే స్టిక్కర్ పెట్టబోతే, ఊళ్ళోవాళ్ళు ఏటనుకుంటారని అమ్మ చెయ్యి తోసేసింది. ఊరు దాటితే పెట్టుకుంటుందన్నమాట. పెట్టుకుని, ఇలా నవ్వుతుందన్నమాట. తర్షిణికి కళ్ళు చెమర్చాయి. ఆ దుమ్ములో, ఆ మంచులో, అమ్మ ఎవరో కొత్తగా పెళ్ళైన పిల్లలా ఉంది.

“సెరిపేసినావా?” అన్నాడు కాంతయ్య. ఎప్పటినుంచో ఒక్క లెన్సునే తుడుస్తున్నాడు, తలెత్తడం లేదు.

ఒక్క నొక్కు నొక్కితే గోడ మీద చోటు. తర్షిణి ఫోటోని ఇంకాస్త పెద్దది చేసి, అమ్మ పక్కన ఏముందో చాలాసేపు చూసింది. తర్వాత నొక్కింది. రంగు పోయింది, కుర్రాడి రుమాలుది. ఇప్పుడు అంత బూడిదలోనూ ఎరుపు ఒక్కచోటే ఉంది. చూపు గుర్రాన్ని దాటుకుని తిన్నగా అక్కడికే వెళ్తోంది.

లాప్‌టాప్ ఆయనకేసి తిప్పింది. కాంతయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“ఇది క్లబ్బు గోడకి వద్దు అంకుల్. మా ఇంటికి పట్టుకెల్తాను.”

“మరి నీ సోటు?” అన్నాడాయన.

“వచ్చే ఏడు సూద్దాం లెండి,” అంది తర్షిణి. లేచి గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళోడుతున్న ఆ తెల్ల మాసికని వేలితో తడిమింది. “ఫోటోలో ఎండ తగలకుండా అమ్మకి పట్టినారే, ఈ గొడుగు, దీని మాసిక మాత్రం సెరపను బాబాయ్. సెరిపేస్తే వాన మిమ్మల్ని గుర్తుపట్టదు.”